ఎలుగు తల్లీ, కువైట్ తల్లీ

పోయిన వేసవిలో పలివెలలో ఒక పేటలో పదిహేను మంది ఆడవాళ్ళతో కలిసి ఎలుగుబంట్ల సినిమా ఒకటి చూశాను. నేను ఆ ఊరు వెళ్ళింది సినిమా చూపించడానికి కాదు. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీల కుటుంబాలతో మాట్లాడటానికి. పగలంతా మాట్లాడి అలిసిపోయిన సాయంత్రం, సెలవులకు ఇళ్ళ దగ్గరే ఉన్న పిల్లలు నా లాప్‌టాప్ చుట్టూ చేరి "ఏదైనా బొమ్మ వెయ్యండి మేడంగారూ" అని పట్టుపట్టారు. నా దగ్గరున్న వాటిలో పిల్లలకు పనికొచ్చేది ఒక్కటే కనిపించింది. డిస్నీనేచర్ సంస్థ 2014లో విడుదల చేసిన 'బేర్స్'. అలాస్కాలోని కట్మాయ్ జాతీయ పార్కులో ఒక ఎలుగుబంటి, దాని రెండు పిల్లలు చలికాలపు గుహలోంచి బయటికి వచ్చింది మొదలు మళ్ళీ చలికాలం వచ్చి గుహ వెతుక్కునే దాకా ఏడాది పాటు ఎలా బతికాయన్నది అందులో కథ. లాప్‌టాప్‌ను అరుగు మీద పెట్టాం. పిల్లలు ముందు, కొబ్బరాకు ఈనెలు చీరుతూ అమ్మమ్మలు, నాయనమ్మలు వెనక. కాస్త దూరంగా ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు నిలబడి.

సినిమా ఇంగ్లీషులో ఉంది. కాబట్టి నేనే పక్కన కూర్చుని తెలుగులో చెప్పాల్సి వచ్చింది. తల్లి పేరు స్కై. పిల్లల్లో ఆడది ఆంబర్, మగది స్కౌట్. మంచు కరిగే రోజుల్లో కొండ దిగుతారు. చరియలు విరిగిపడే చోట తల్లి పరుగెత్తుతుంది, పిల్లలు దాని వెనకాల దొర్లుతాయి. కింద గడ్డి మైదానంలో పెద్ద మగ ఎలుగులు, వెంటబడే తోడేలు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున ఇసుక తవ్వి ఆల్చిప్పలు తినడం. ఎండాకాలంలో సాల్మన్ చేపలు సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కి వచ్చే దాకా ఆకలి. "ఇది మన పులసేనండి" అంది వెనకనుంచి ఒకావిడ. ఆ తర్వాత సాల్మన్ గురించి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వరద నీటికి గోదావరిలోకి ఎదురెక్కే చేప కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు.

సగం సినిమా అయ్యాక ఒక పెద్దావిడ చేతిలో ఈనె పక్కన పెట్టి అడిగింది. "అది సరేనండి, మరి ఆ పిల్లల అమ్మమ్మ ఏదండీ?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె కూతురు కువైట్ వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. ఇద్దరు మనవలూ ఆమె దగ్గరే పెరుగుతున్నారు. ఎలుగుబంట్లు గుంపుగా బతకవని, తల్లి ఒక్కతే పిల్లల్ని పెంచుతుందని నేను పుస్తకంలో మాట చెప్పాను.

"మరి తల్లి తిండికి పోతే పిల్లల్ని ఎవరు చూస్తారండీ?"

"వెంట తీసుకుపోతుంది మామ్మగారూ."

"ఆయ్. తీసుకెళ్ళనిస్తే ఎవరైనా తీసుకెళ్తారండి."

ఆ మాట మీద నేను ఏమీ అనలేకపోయాను. గల్ఫ్‌లో ఇంటిపని వీసా మీద వెళ్ళిన స్త్రీకి బిడ్డను వెంట తీసుకుపోయే వీలు లేదు. ఈ వ్యాసం రాయడానికి ఆమె మాట ఒక కారణం. రెండో కారణం అదే సాయంత్రం ఇంకొకరన్న మాట. తోడేలు వెంటబడిన చోట తల్లి ఎలుగు తిరగబడుతుంది. అక్కడ దూరంగా నిలబడ్డ మగవాళ్ళలో ఒకాయన "చూడండి, నోరులేని జంతువుకే అంత మమకారముంటే..." అని ఆపేశాడు. వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యాల్సిన అవసరమూ లేదు. అక్కడున్న పిల్లల్లో నలుగురి తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. ఆ పిల్లలు తెర మీంచి చూపు తిప్పలేదు కానీ ఆ మాట వాళ్ళకు వినబడింది.

ఆ రాత్రి పడుకున్నాక నేను చెప్పిన తెలుగు వ్యాఖ్యానాన్ని గుర్తు చేసుకున్నాను. అమెరికన్ వ్యాఖ్యాత సరదాగా, కొంత హాస్యంగా చెప్పుకుపోతాడు. ఆయన అనని మాటలు నేను అన్నాను. "పాపం", "ఎంతైనా తల్లి కదా", "కన్నపేగు" - ఇవన్నీ నా నోటి నుంచి వచ్చినవే. ఇరవై ఏళ్ళుగా మాతృత్వపు భావజాలం మీద మాట్లాడుతున్న మనిషిని. ఒక ఎలుగుబంటి కనబడగానే మన ఇళ్ళల్లో వినపడే భాషంతా నాలుక మీదికి వచ్చేసింది. ఆయన వాక్యానికి సగం సరుకు నేనే అందించాను.

ప్రకృతి చిత్రాలంటే మనలో చాలామందికి అభ్యంతరం ఉండదు. సీరియళ్ళ మీద, సినిమా పాటల మీద, ప్రకటనల మీద ఎన్నో వ్యాసాలు రాశాం. జంతువుల సినిమా అనగానే పిల్లలకు నిశ్చింతగా చూపిస్తాం. అది కల్పన కాదు, ఉన్నదున్నట్టు తీసింది అనుకుంటాం. అక్కడే ఒకసారి ఆగాలి.

అడవిలో జంతువుల 'కుటుంబం' మనిషి చేతుల్లో తయారవుతుందని డోనా హారవే 1984లో చూపించింది. ఆ వ్యాసం పేరే 'టెడ్డీ బేర్ పేట్రియార్కీ'. న్యూయార్క్‌లోని సహజ చరిత్ర మ్యూజియంలో కార్ల్ ఏక్లీ అనే వేటగాడు, శిల్పి ఆఫ్రికా జంతువులను చంపి, చర్మాలు తెచ్చి, అద్దాల వెనక కుటుంబాలుగా నిలబెట్టాడు. ఠీవిగా నిలబడ్డ మగది, దాని చుట్టూ ఆడవి, పిల్లలు. ఆ కుటుంబం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా తెల్లజాతి పెద్దమనుషులు కోరుకున్న కుటుంబమే తప్ప అడవిలో ఉన్నది కాదని ఆమె వాదన. సినిమా వచ్చాక తుపాకీ పోయి కత్తెర వచ్చింది. డిస్నీ వాళ్ళ 1958 నాటి 'వైట్ వైల్డర్‌నెస్' ఆస్కార్ పొందిన చిత్రం. అందులో కొండ మీంచి దొర్లిపడే ధ్రువపు ఎలుగు పిల్ల దొర్లింది కెనడాలో ఒక స్టూడియోలో వేసిన సెట్టులో అని 1982లో కెనడా టెలివిజన్ బయటపెట్టింది. బి.బి.సి. వారి 2011 'ఫ్రోజన్ ప్లానెట్'లో మంచు గుహలో ఎలుగు పిల్లలు పుట్టే దృశ్యం జూలో తీసిందని ఆ తర్వాత పెద్ద చర్చ జరిగింది. నిర్మాత క్రిస్ పామర్ 2010లో రాసిన పుస్తకంలో తన తిమింగలాల చిత్రం గురించి తనే ఒప్పుకున్నాడు. హవాయి నుంచి అలాస్కా దాకా ప్రయాణం చేసినట్టు చూపించిన తల్లీబిడ్డలు అక్కడా ఇక్కడా ఒకరు కారు. ఒక తల్లిని చూస్తున్నాం అనుకుని వేరు వేరు తల్లుల్ని చూశాం.

పలివెల వాళ్ళకు ఇలాంటి కథ కొత్త కాదు. అక్కడి శివుడు కొప్పేశ్వరుడు. లింగానికి కొప్పు ఉంటుంది. ఊళ్ళో చెప్పే కథ ప్రకారం పూజారి వేశ్యాలోలుడు. దేవుడికి పెట్టాల్సిన పూలు ఆమె జడలో పెట్టి, వాటినే ప్రసాదంగా రాజుకిచ్చాడు. పూలలో వెంట్రుక కనబడింది. దేవుడికే కొప్పుందని పూజారి బొంకాడు. రాజు చూడవస్తే భక్తుడి పరువు కాపాడటానికి శివుడు నిజంగానే కొప్పు ధరించాడు. ఈ కథ నాకు ముగ్గురు చెప్పారు. పూజారి సంగతి, రాజు సంగతి, దేవుడి కరుణ సంగతి చెప్పారు. ఆ వెంట్రుక ఎవరిదో ఆమె పేరు ఏ ఒక్కరూ చెప్పలేదు. కథ సాఫీగా నడవాలంటే ఎవరో ఒకరు తప్పుకోవాలి.

ఇక ఎలుగుల సంగతికి వద్దాం. సినిమా ఒక్క ఏడాదితో ఆగిపోతుంది. తల్లీ పిల్లలు కలిసి గుహకు చేరడంతో మనకు కడుపు నిండుతుంది. మరో ఏడాదో రెండేళ్ళో ఆగి ఉంటే అదే తల్లి అవే పిల్లల్ని తరిమి కొట్టడం చూడాల్సి వచ్చేది. గోధుమరంగు ఎలుగుల్లో పిల్లలు తల్లి దగ్గర మామూలుగా రెండు మూడేళ్ళు ఉంటాయి. తర్వాత ఆమె మళ్ళీ జతకడుతుంది. అప్పుడు వాటిని దగ్గరికి రానివ్వదు. 'నోరులేని జంతువుకే' అన్న పెద్దమనిషి ఆ దృశ్యం చూసి ఏమనేవాడో. మగ ఎలుగు పిల్లల పెంపకంలో ఏ పాత్రా తీసుకోదు సరికదా, పరాయి పిల్లల్ని చంపటమూ కద్దు. పిల్లలు పోతే తల్లి మళ్ళీ ఎదకు వస్తుంది. సినిమాలో మగ ఎలుగును విలన్‌గా చూపించారు కానీ ఈ లెక్క చెప్పలేదు. మగవాడి ప్రకృతి ధర్మం గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఎవరూ మొదలుపెట్టరు. జంతువుల నుంచి నీతి నేర్చుకోమని ఎప్పుడూ ఆడదానికే చెబుతారు.

నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయం ఇంకొకటి. ఆడ ఎలుగు వేసవి మొదట్లో జతకడుతుంది. కానీ పిండం వెంటనే గర్భాశయానికి అంటుకోదు. చిన్న కణాల ముద్దగా నెలల తరబడి ఆగి ఉంటుంది. చలికాలం ముందు ఆమె ఒంట్లో కొవ్వు చాలినంత చేరితే గర్భం నిలుస్తుంది. లేకపోతే లేదు. నిలిస్తే నడి చలికాలంలో గుహలో అరకిలో కూడా లేని పిల్లలు పుడతాయి. ఆమె తినకుండా, తాగకుండా ఒంట్లో కొవ్వునే పాలుగా మార్చి పెడుతుంది. ఇది చదివినప్పుడు, చూశారా, ప్రకృతిలోనే స్త్రీ శరీరానికి నిర్ణయాధికారం ఉంది, అని ఒక వాక్యం రాసుకున్నాను. మర్నాడు కొట్టేశాను. పెద్దమనిషి చేసిన పనే నేనూ చేస్తున్నానని తెలిసింది. ఆయన ఎలుగు నుంచి త్యాగం తెచ్చుకున్నాడు, నేను హక్కు తెచ్చుకోబోయాను. మన హక్కులకు ఎలుగుబంటి సాక్ష్యం అక్కర్లేదు. దాన్ని మనం సాక్షిగా పిలిస్తే, అవతలివాళ్ళు మరో జంతువును పిలుస్తారు.

మనకు ఈ చర్చ పాతదే. 1988లో వందనా శివ 'స్టేయింగ్ అలైవ్' వచ్చినప్పుడు స్త్రీకీ ప్రకృతికీ సహజమైన బంధం ఉందన్న మాట మన ఉద్యమాల్లో చాలామందికి నచ్చింది. అడవికీ స్త్రీకీ బంధం పుట్టుకతో వచ్చింది కాదు, కట్టెలు, నీళ్ళు, మేత ఎవరు తేవాలన్న శ్రమ విభజన నుంచి, భూమి ఎవరి పేరున ఉందన్న దాని నుంచి వచ్చిందని బీనా అగర్వాల్ 1992లో రాసింది. నేను అప్పుడూ అగర్వాల్ పక్షమే. ఇప్పుడు ఎలుగుల విషయంలోనూ అలాంటిదే ఒక సంగతి తెలిసింది. స్వీడన్‌లో ఎలుగుల వేట చట్టబద్ధం. కానీ పిల్లలతో ఉన్న తల్లిని, పిల్లల్ని కాల్చకూడదు. దాంతో పిల్లల్ని ఇంకో ఏడాది వెంట ఉంచుకునే తల్లులు తుపాకీ నుంచి తప్పించుకుంటున్నారు. అలాంటి తల్లుల సంఖ్య పెరుగుతోందని అక్కడి శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించారు. అంటే అడవిలో ఒక తల్లి బిడ్డను ఎన్నాళ్ళు దగ్గర పెట్టుకుంటుందన్నది కూడా మనుషులు రాసిన చట్టం మీద ఆధారపడింది. సినిమా తీసేవాడు ఆ దృశ్యాన్ని తీస్తే మనకు తల్లి ప్రేమ కనబడుతుంది. తుపాకీ కనబడదు.

మన దగ్గరా ఎలుగులున్నాయి. కోనసీమలో లేవు కానీ, కొబ్బరికి 'మరో కోనసీమ' అనిపించుకున్న శ్రీకాకుళం ఉద్దానంలో ఉన్నాయి. జీడి, పనస, కొబ్బరి తోటల్లో తిరుగుతాయి. ఇవి నల్ల ఎలుగులు. చలికాలమంతా పడుకునే రకం కాదు. చెదలు, తేనె, రాలిన పళ్ళు తింటాయి. తల్లి పిల్లల్ని నెలల తరబడి వీపు మీద మోసుకు తిరుగుతుంది. సినిమా తీస్తే అలాస్కా దానికంటే అందంగా ఉంటుంది. కానీ ఇక్కడ కెమెరా ఎటు తిప్పినా మనుషులు అడ్డొస్తారు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు చనిపోయారు. ఊరివాళ్ళు ఎలుగును చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయారు, మర్నాడు మరికొందరు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా చనిపోయింది. జీడి పిక్కలు ఏరడానికి చీకటితోనే తోటలోకి వెళ్ళేది ఎక్కువగా ఆడవాళ్ళు. తిండి కోసం పిల్లల్ని వీపున వేసుకుని వచ్చిన తల్లి, తిండి కోసం పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చిన తల్లి ఒకే చెట్టు కింద ఎదురుపడతారు. అలాస్కా సినిమా తీసినవాళ్ళకు ఈ బెడద లేదు. కట్మాయ్‌లోనూ ఒకప్పుడు ఊళ్ళుండేవి. 1912లో అగ్నిపర్వతం పేలి జనం ఖాళీ చేశారు, 1918లో ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఖాళీ అయిన చోట ఇప్పుడు 'సహజ' కుటుంబం నివసిస్తోంది.

మన సాహిత్యంలోనూ ఒక ఎలుగు కుటుంబం ఉంది. ఏటా వినాయక చవితికి ప్రతి ఇంట్లో చదువుకునే శమంతకోపాఖ్యానంలో జాంబవంతుడి గుహ. ఎన్నోసార్లు విన్న కథ, కానీ పలివెల మామ్మగారి ప్రశ్న తర్వాతే నేను దాన్ని సరిగ్గా చూశాను. గుహలో తండ్రి ఉన్నాడు. బిడ్డ ఉంది. ఆట వస్తువుగా మణి ఉంది. తల్లి లేదు. భాగవతంలో కృష్ణుడు లోపలికి రాగానే భయపడి కేక పెట్టేది దాది. ఆ ఎలుగు కుటుంబంలో బిడ్డ దగ్గరున్న ఆడమనిషి జీతానికో, తిండికో ఉన్న మనిషి. ఆమెకూ ఎక్కడో ఒక ఇల్లుండి ఉండాలి, బిడ్డలుండి ఉండాలి. పురాణం అడగలేదు. మణి ఎవరికి చేరిందీ, జాంబవతిని ఎవరు పెళ్ళాడిందీ చెప్పి ముగించింది.

కోనసీమ స్త్రీలు గల్ఫ్‌లో ఆ దాది ఉద్యోగమే చేస్తున్నారు. అక్కడ దాన్ని ఖద్దామా అంటారు. వెళ్ళేవాళ్ళలో దళిత, వెనకబడిన కులాల స్త్రీలే ఎక్కువ. 1996 నవంబరు తుఫానులో కొబ్బరి చెట్లు కూలి, కూలిపనులు లేక వీధిన పడ్డ రోజులు పేటలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళు కట్టిన పక్కా ఇళ్ళు, తీర్చిన అప్పులు, చదివించిన చదువులు ఊరందరికీ కనిపిస్తాయి. అయినా ఒక పిల్లవాడు పదో తరగతి తప్పినా, ఒక ఆడపిల్ల ఎవరితోనైనా మాట్లాడినా 'తల్లి దగ్గర లేదుగా' అంటారు. తండ్రి గల్ఫ్ వెళ్ళిన ఇంటి గురించి ఈ మాట అనరు. తండ్రి ఊళ్ళోనే ఉండి, పంపిన డబ్బు తాగేస్తున్న ఇంట్లో కూడా తప్పు తల్లిదే. 'తల్లి ప్రేమకు దూరమైన పిల్లలు' అనే శీర్షికతో మన సంస్థలే కరపత్రాలు వేశాయి. నేను కూడా ఒకదానికి ముందుమాట రాశాను. ఇప్పుడైతే రాయను.

సినిమా అయిపోయాక అందరూ లేస్తుంటే ఒక యువతి నా పక్కన చేరింది. ఇద్దరు పిల్లల తల్లి. నెమ్మదిగా అడిగింది. "ఆ ఎలుగు వయసెంతుంటదండీ?"

నాకు అర్థం కాలేదు. "నాకు ఇరవై ఏడండి. ముప్పై నిండాలంటున్నారు కదండీ" అంది.

ఈ ముప్పై సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. తెలియనివారి కోసం చెబుతున్నాను. పదో తరగతి పాస్ కానివారికి ఇచ్చే పాస్‌పోర్టు మీద గల్ఫ్ సహా పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి కావాలి. స్త్రీ అయితే ముప్పై ఏళ్ళు నిండితే తప్ప ఆ అనుమతి ఇవ్వరు. మగవాడికి ముప్పై నియమం లేదు. 2016 నుంచి ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రంలో అది ఓంకాప్. ఇదంతా రక్షణ కోసమే. ఆ మాట అబద్ధమని నేను అనను. గల్ఫ్ ఇళ్ళల్లో కొట్టించుకుని, జీతం రాక, పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండిపోయి నరకం చూసిన స్త్రీలతో నేను మాట్లాడాను. కానీ ఈ రక్షణ ఎవరి నుంచి? కొట్టే యజమానికి ముప్పై ఒకటో ఏట చెయ్యి ఆగదు. నియమం అడ్డుకునేది చట్టబద్ధమైన దారిని. అవసరం ఆగదు కాబట్టి ఆమె విజిట్ వీసా మీద, ఏజెంటు చూపిన దొంగదారిన, పాస్‌పోర్టులో వయసు పెంచుకుని పోతుంది. అప్పుడు రికార్డులో ఆమె పని మనిషే కాదు. ఏదైనా జరిగితే మన ఎంబసీకి ఏ కాగితం చూపాలి? నేపాల్ కూడా 2012లో ఇలాగే ముప్పై ఏళ్ళ లోపు స్త్రీలను గల్ఫ్ ఇంటిపనికి పోకుండా నిషేధించింది. వాళ్ళ ఆడవాళ్ళు మన దేశం మీదుగా వెళ్ళారు.

మరో వైపు, ఈ ముప్పై ఏళ్ళ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? ముప్పైకి స్త్రీ పిల్లల్ని కనేసి, పాలు మాన్పించి, కొంత పెంచేసి ఉంటుందన్న లెక్క దాని వెనక ఉందని నా అనుమానం. స్వీడన్ చట్టం తల్లి ఎలుగును పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉంచినట్టే, ఈ చట్టం కోనసీమ తల్లిని గుహలో ఉంచాలనుకుంటుంది. తేడా ఏమిటంటే అక్కడ పిల్లలతో ఉంటే ప్రాణం దక్కుతుంది. ఇక్కడ ఆ ముప్పై దాకా ఏం తినాలో చట్టం చెప్పదు.

నిజంగా రక్షణే కావాలంటే దారి లేకపోలేదు. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళ కోసం విడిగా చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. అమలు అంతంత మాత్రమే, స్పాన్సర్ విధానం అలాగే ఉంది. అయినా కాగితం మీద హక్కు ఉంది. నేను మాట్లాడిన ఇళ్ళల్లో ఆ చట్టం పేరు విన్నవాళ్ళు ఇద్దరే. ఇక మన దేశం సంగతి. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మనం ఆమోదించలేదు. మన ఇళ్ళల్లో పనిమనిషికి ఇవ్వనిది కువైట్ యజమాని ఇవ్వాలని అడగడానికి మన ప్రభుత్వానికి నోరెలా వస్తుంది?

మామ్మగారి ప్రశ్నకు కూడా నేను జవాబు బాకీ ఉన్నాను. జంతువుల తల్లులను జీవితమంతా చదివిన సారా హర్డీ 2009లో రాసిన పుస్తకంలో చెప్పింది ఇదే. కోతి జాతుల్లో మనకు దగ్గరి బంధువులైన వాలిడి కోతుల తల్లులు బిడ్డను ఇంకొకరి చేతికివ్వరు. మనుషుల తల్లులు మొదటి నుంచీ ఇచ్చారు. అమ్మమ్మలు, అక్కలు, పిన్నులు ఎత్తుకోకపోతే ఇంత నెమ్మదిగా ఎదిగే మనిషి బిడ్డ బతికేదే కాదని ఆమె వాదన. పలివెల అరుగు మీద కూర్చున్న మనిషికి అది పుస్తకం చదవకుండానే తెలుసు. మనిషి కథలో అమ్మమ్మ లేకపోవడం ఆమెకు లోపంగా కనిపించింది. అయితే దీన్నీ ప్రకృతి ధర్మం చేయడానికి నేను సిద్ధంగా లేను. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. జీవితమంతా కూలిపని చేసి, పిల్లల్ని పెంచి, ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పొద్దున్నే ఇద్దరికీ జడలు, బాక్సులు. సాయంత్రం ఈనెలు చీరి చీపుళ్ళు కట్టడం. కూతురు కువైట్‌లో ఒక బిడ్డను పెంచినందుకు తక్కువో ఎక్కువో దీనార్లు వస్తాయి. తల్లి పలివెలలో ఆ కూతురి బిడ్డల్ని పెంచినందుకు ఏ లెక్కలోనూ పని చేసినట్టు కాదు. వలస మీద ఎన్నో సర్వేల ఫారాలు చూశాను. 'వెనక ఉండిపోయిన పిల్లలు' అనే గడి ఉంటుంది. వెనక ఉండిపోయిన అమ్మమ్మలకు గడి లేదు. నా ఫారంలోనూ లేదు. ఈసారి కలిపాను.

ఇరవై ఏడేళ్ళ ఆ అమ్మాయికి మాత్రం నేను ఇచ్చిన జవాబు నాకే తృప్తిగా లేదు. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తానంటున్నాడట, పుట్టిన తేదీ మార్చిన కాగితాలు కూడా సిద్ధమట. వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు లేదు. వెళ్ళమని చెప్పే ధైర్యమూ లేదు. ఓంకాప్ వివరాలు, కువైట్ చట్టంలోని మూడు నాలుగు ముఖ్యమైన అంశాలు, అక్కడి మన ఎంబసీ నంబరు తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాను. కాగితం మడిచి జాకెట్‌లో పెట్టుకుంది. మర్నాడు నేను రావులపాలెం బస్సు ఎక్కేటప్పుడు పరుగెత్తుకొచ్చి ఇంకో రెండు కాపీలు కావాలంది, పక్కింటి వాళ్ళకు. నా దగ్గర తెల్లకాగితాలు లేకపోతే సర్వే ఫారాల వెనక రాసిచ్చాను.